సామాన్యుల బ్యాంకరు జియానిని

కలిగినవానికే అప్పు పుట్టుట లోకరీతి. పొలము, మేడ, నగలు కుదువ పెట్టగలవానికి ఋణమిచ్చుటకు పదిమంది ముందునకు వత్తురు. రెక్కల కష్టము తప్ప వేఱొక ఆస్తి లేనివాడు అప్పు కొఱకు పోయినచో ఆ పదిమందియు తలుపులు మూసికొందురు. అప్పుడతడు అధిక వడ్డీలు గుంజు వ్యాపారినే ఆశ్రయింపవలసియుండును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో సైతము ఇట్టి స్థితియే యుండెను. అచటి పెద్ద బ్యాంకులు పెద్ద వర్తకులతోడను, కంపెనీల యజమానులతోడను మాత్రమే లావాదేవీలు జరుపుచుండెను. చేపలమ్మువాడును, రొట్టెలు కాల్చువాడును, మంగలియు బ్యాంకు మెట్లెక్కుటకే జంకుచుండిరి. ఆ జంకును పోగొట్టి చిన్న వర్తకునికి బ్యాంకు తలుపులు తెఱచినవారిలో అగ్రగణ్యుడు అమడియో పీటర్ జియానిని. ఆతడు బ్యాంకు పనిని ఏ కళాశాలలోను నేర్వలేదు. కూరగాయల మండీలో నేర్చెను.

జియానిని 1870వ సంవత్సరము మే 6వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్ హోసే పట్టణమున జన్మించెను. తలిదండ్రులు లూయీజీ, వర్జీనియా ఇటలీ దేశమందలి జెనోవా ప్రాంతమునుండి వలస వచ్చినవారు. కాలిఫోర్నియాలో బంగారము దొరకునను వార్త విని సముద్రములు దాటి వచ్చిన వేలమందిలో లూయీజీ ఒకడు. ఆ దంపతులు మొదట ఒక వసతిగృహము నడిపి, పిదప నలువది ఎకరముల నేల కొని పండ్లను, కూరగాయలను పండింపసాగిరి. కష్టమునకు ఫలము చేతికందుచున్న కాలముననే ఆ ఇంటిపై పిడుగు పడినది. కూలి విషయమున ఒక పనివానికిని లూయీజీకిని తగవు వచ్చెను. తగవులోని సొమ్ము ఒకే ఒక డాలరు. కోపము పట్టజాలక ఆ పనివాడు లూయీజీని తుపాకితో కాల్చి చంపెను. అప్పటికి అమడియో ఆఱేడేండ్ల పసివాడు. తల్లికి ఇరువది యేండ్లు దాటి యెంతోకాలము కాలేదు. ఇద్దరు బిడ్డలు చేతిలోను, ఒక బిడ్డ కడుపులోను ఉండగా ఆమె వితంతువయ్యెను.

వర్జీనియా ధైర్యము కోల్పోలేదు. తోటపనిని తానే నడపుకొనుచు, పండిన సరకును అమ్ముకొనుచు బిడ్డలను పోషించెను. 1880లో ఆమె లొరెంజో స్కటేనా అను సౌమ్యుడైన వర్తకుని వివాహమాడెను. ఆతడు సవతి బిడ్డలను సొంత బిడ్డలవలెనే చూచెను. కుటుంబము శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు తరలెను. అచట స్కటేనా పండ్ల, కూరగాయల అడితి వ్యాపారము ప్రారంభించెను. రైతులు పంపిన సరకును వారి తరఫున అమ్మిపెట్టి, ధరలో కొంత కమీషనుగా తీసికొనుట ఈ వ్యాపారము.

పల్లెలనుండి సరకు పడవలమీద రాత్రివేళ నగరపు రేవునకు చేరుచుండెను. తెల్లవాఱకముందే బేరములు ముగియుచుండెను. ఇల్లంతయు నిద్రించుచుండగా బాలుడైన అమడియో మెల్లగా లేచి, సవతితండ్రి వెంట రేవునకు పోవుచుండెను. లాంతరుల వెలుతురులో పెట్టెలను లెక్కించుట, కుళ్లినదానిని మంచిదానిని వేఱుచేయుట, పదిమంది కేకల నడుమ ధర తేల్చుట ఆ రాత్రులలోనే ఆతనికి అలవడెను. పగలు బడికి పోయినను మనస్సు మండీమీదనే యుండెను. పదునైదేండ్లు వచ్చునప్పటికి ఆతడు బడి విడిచి పూర్తిగా వర్తకములో ప్రవేశించెను.

యువకుడైన జియానినికి సరకు సేకరించు పని అప్పగింపబడెను. ఆతడు నదీలోయలలోని పల్లెలకు పోయి, ఒక్కొక్క రైతును కలిసికొని, రాబోవు పంటను తమ మండీకి పంపుమని అడుగవలెను. పోటీ వర్తకులు అనేకులుండిరి. వారు దారి ప్రక్కనున్న పొలములు చూచుకొని తిరిగిపోవుచుండగా, జియానిని దారిలేని పొలములకును పోవుచుండెను. ఒకమాఱు ప్రతిస్పర్ధి యొకడు బండిలో చుట్టుదారిన పోవుచుండుట చూచి, ఆతడు బట్టలు విప్పి నెత్తిన పెట్టుకొని కాలువకు అడ్డముగా ఈది, ముందుగా రైతు ఇల్లు చేరెనని చెప్పుదురు. ఐనను ఆతని విజయమునకు ఈత కారణము కాదు. ఆతడు రైతు పేరును, పిల్లల పేర్లను, పొలము తీరును గుర్తుంచుకొనువాడు. పలికిన ధరను తప్పకుండ చెల్లించువాడు. విత్తనములకు సొమ్ము లేని రైతునకు పంటమీద ముందుగా కొంత పైకమిచ్చుటయు ఈ వ్యాపారములో భాగమే. ఎవనికి ఇచ్చిన సొమ్ము తిరిగివచ్చును, ఎవనికి ఇచ్చినచో రాదు అను సంగతి ఆతడు కాగితములు చూచికాక, మనుష్యుని నడవడి చూచి నిర్ణయింపనేర్చెను. పందొమ్మిదవ యేటనే ఆతనికి వ్యాపారములో భాగము లభించెను.

1892లో జియానిని క్లోరిండా కూనియో అను కన్యను వివాహమాడెను. ఆమె తండ్రి నగరములో అనేక గృహములు, స్థలములు గల ధనికుడు. 1901లో, ముప్పది యొకటవ యేట, జియానిని తన వంతు వాటాను తమ సంస్థలో పనిచేయువారికే అమ్మి మండీ వ్యాపారమునుండి విరమించెను. కుటుంబమునకు సరిపడు ఆస్తి యున్నది. ఇంతకన్న అక్కఱలేదని ఆతని తలంపు. కాని మఱుసటి సంవత్సరము మామ మరణింపగా, ఆ ఎస్టేటును చూచుకొను భారము ఆతనిపై బడెను. దానితోపాటు మామ వాటాలు కలిగియున్న ఒక చిన్న పొదుపు బ్యాంకులో డైరెక్టరు పదవియు సంక్రమించెను.

నగరములో ఉత్తర తీరమను పేట ఇటలీనుండి వచ్చినవారి నివాసము. జాలరులు, కూరగాయల వర్తకులు, కుట్టుపనివారు, మేస్త్రీలు అచట వేలకొలది నివసించుచుండిరి. వారిలో పలువురికి ఆంగ్లభాష రాదు. సంపాదించినదానిని పరుపుల క్రిందను, డబ్బాలలోను దాచుకొనుచుండిరి. ఈ ప్రజలకు చిన్న చిన్న అప్పులిచ్చి, వారి పొదుపును బ్యాంకులోనికి రప్పింపవలెనని జియానిని డైరెక్టర్ల సభలో వాదించెను. వంద చిన్న అప్పుల లెక్క వ్రాయుటకన్న ఒక పెద్ద అప్పు ఇచ్చుట సులభమని తక్కినవారి అభిప్రాయము. వాదములు పెరిగెను. తుదకు జియానిని తన పదవికి రాజీనామా చేసి బయటకు వచ్చెను. ఆతనితోపాటు మఱికొందఱు డైరెక్టర్లును వచ్చిరి.

1904వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన, తాను విడిచివచ్చిన బ్యాంకునకు ఎదురుగా, ఆతడు క్రొత్త బ్యాంకును తెఱచెను. దానికి బ్యాంక్ ఆఫ్ ఇటలీ అని పేరు పెట్టెను. అంతకు ముందు ఆ గదులు ఒక మద్యశాలగా నుండెను. మూలధనము మూడు లక్షల డాలర్లు. ఒక్కొక్క వాటా నూఱు డాలర్లు. ఏ ఒక్కరి చేతిలోను అధిక సంఖ్యలో వాటాలు చేరరాదని ఆతడు పట్టుపట్టెను. వాటాదారులలో చేపల వర్తకుడు, కిరాణా దుకాణదారు, రొట్టెల వ్యాపారి మొదలగు చిన్నవారు పలువురుండిరి. మొదటి దినమున చేరిన నిలువ 8,780 డాలర్లు. పెద్ద బ్యాంకుల దృష్టిలో అది లెక్కింపదగిన మొత్తమే కాదు.

ఆ కాలమున బ్యాంకరు తన గదిలో కూర్చుండియుండవలెను. అవసరము గలవాడే వచ్చి వేడుకొనవలెను. ఖాతాల కొఱకు ఇంటింటికి తిరుగుట బ్యాంకరు గౌరవమునకు తగదని పెద్దలు తలంచుచుండిరి. జియానినికి అట్టి అభిమానము లేదు. క్యాబేజీ బుట్టల కొఱకు పొలములకు పోయినవాడు, ఖాతాల కొఱకు వీధులలోనికి పోవుటకు సిగ్గుపడునా? ఆతడు దుకాణముల యరుగులమీదను, రేవులోని పడవల యొద్దను నిలిచి, ప్రజల మాతృభాషయైన ఇటాలియనులో బ్యాంకనగానేమో వివరించుచుండెను. పరుపు క్రింద దాచిన నాణెము పెరుగదు, ఇరుగుపొరుగువారికి ఉపయోగపడదు. దొంగ వచ్చినచో అదియును పోవును. పదిమంది నాణెములు ఒకచోట చేరినచో, దానినుండి రొట్టెల వ్యాపారికి క్రొత్త పొయ్యి కట్టుకొనుటకు అప్పు దొరకును. ఆతడిచ్చు వడ్డీలో కొంత బ్యాంకు ఖర్చులకు పోగా, మిగిలినది దాచుకొనినవారికే చేరును. ఇంత సులభమైన విషయమును ఆ పేటవారికి అంతవఱకు విప్పి చెప్పినవారు లేకుండిరి. ఇరువదియైదు డాలర్ల అప్పును సైతము జియానిని చిన్నదిగా నెంచలేదు. చేతి కాయలు చూచి, ఇరుగుపొరుగువారి మాట విని, నడవడియే పూచీగా ఋణమిచ్చుచుండెను.

బ్యాంకు తెఱచి రెండు సంవత్సరములైనను నిండకముందే దానికి కఠిన పరీక్ష వచ్చెను. 1906వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన తెల్లవాఱుజామున 5 గంటల 12 నిమిషములకు శాన్ ఫ్రాన్సిస్కోలో ఘోరమైన భూకంపము సంభవించెను. ఇండ్లు కూలినవి, నీటి గొట్టములు పగిలినవి, పలుచోట్ల మంటలు లేచినవి. ఆర్పుటకు నీరు లేక నగరము మూడు దినములకు పైగా కాలెను. మూడు వేలమంది వఱకు మరణించిరి. నాలుగు లక్షల ప్రజలలో రెండు లక్షలకు పైబడినవారు నిలువ నీడ లేనివారైరి.

జియానిని ఇల్లు నగరమునకు పదునేడు మైళ్ల దూరమున శాన్ మాటియో గ్రామములో నుండెను. ఆతడు వెంటనే బయలుదేరి, కొంతదూరము రైలులోను, అది నిలిచిపోగా కాలినడకనను ప్రయాణించి, మధ్యాహ్నమగునప్పటికి బ్యాంకు చేరెను. దారి పొడవునను మూటలు మోయుచు నగరము విడిచిపోవు జనము ఎదురువచ్చుచుండిరి. బ్యాంకు గుమాస్తాలు ఉదయమున ఎప్పటివలెనే తలుపులు తెఱచియుండిరి. కట్టడము చెక్కు చెదరలేదు. కాని మంటలు ఆ దిక్కునకే వచ్చుచున్నవని జియానిని గ్రహించెను. బ్యాంకులో నున్న బంగారు, వెండి నాణెములు సుమారు ఎనుబది వేల డాలర్లు. ఖాతాదారుల నిలువలు దానికి ఎన్నోరెట్లు అధికము. ఆ సొమ్ము అగ్నిపాలైనను, దొంగల పాలైనను బ్యాంకు మరల లేవజాలదు. దానిని నమ్ముకొనిన బీదల జీవితకష్టమంతయు బూడిదయగును.

అప్పుడాతనికి పాత మండీయే అక్కఱకు వచ్చెను. స్కటేనా వ్యాపారమునకు చెందిన రెండు బండ్లు తెప్పించి, సంచులలో నింపిన సొమ్మును, లెక్కల పుస్తకములను అడుగున నుంచి, పైన నారింజపండ్ల పెట్టెలు పేర్చెను. చూచువారికి అవి పండ్ల బండ్లే. చీకటి పడిన పిదప, దోపిడిగాండ్రు తిరుగు వీధులగుండ ఆ బండ్లు మెల్లగా సాగెను. రాత్రియంతయు ప్రయాణించి తెల్లవాఱుసరికి శాన్ మాటియో చేరి, సొమ్మును ఇంటి పొగగూటి అడుగున దాచిరి. వెనుక బ్యాంకు కట్టడము కాలిపోయెను. పిమ్మట ఎన్నో వారముల వఱకు ఆ నాణెములకు నారింజరసపు వాసన పోలేదట.

తక్కిన బ్యాంకుల సొమ్ము ఉక్కు గదులలో భద్రముగానే యుండెను. కాని అగ్నిచే ఎఱ్ఱగా కాలిన ఆ గదులను వెంటనే తెఱచినచో, లోనికి గాలి చొచ్చి కాగితపు నోట్లు భగ్గుమనును. అందుచేత అవి చల్లాఱువఱకు వారములకొలది వేచియుండవలసివచ్చెను. బ్యాంకర్లు సభ చేరి, కొన్ని నెలలు లావాదేవీలు నిలిపివేయుట మంచిదని ఆలోచించిరి. జియానిని ఒప్పుకొనలేదు. ఇల్లు కాలినవానికి నేడు కావలసిన సహాయము కొన్ని నెలల పిదప లభించినచో ప్రయోజనమేమి? అప్పటికి నగరమే శాశ్వతముగా పాడగునని ఆతడు వాదించెను. అంతట ఆతడు రేవునకు పోయి, రెండు పీపాలపై ఒక పలక వేసి, దానినే బ్యాంకుగా చేసికొని కూర్చుండెను. ఇండ్లు తిరిగి కట్టుకొన దలచినవారికి చేవ్రాలు మాత్రము తీసికొని అప్పులిచ్చెను. చేతనున్న సొమ్ము స్వల్పము గనుక, అడిగినదానిలో సగమే ఇచ్చి, తక్కిన సగము స్వయముగా సమకూర్చుకొమ్మని చెప్పుచుండెను. దానితో దాచియుంచిన నాణెములును బయటకు వచ్చెను. కలప తెచ్చుటకై ఓడల నాయకులకు సొమ్మిచ్చి ఉత్తర దిక్కునకు పంపెను. ఉత్తర తీరపు పేట తక్కిన నగరముకన్న ముందుగా లేచి నిలిచెను. ఆ పలకమీద ఇచ్చిన అప్పులన్నియు తిరిగి వచ్చెనని చెప్పుదురు.

1907లో దేశమందంతటను ధనసంక్షోభము వ్యాపించెను. పలు బ్యాంకులు నాణెముల చెల్లింపు నిలిపివేసెను. ఆపదను ముందుగా ఊహించిన జియానిని అప్పటికే బంగారము కూడబెట్టియుండెను. అడిగినవారికెల్ల ఆతని బ్యాంకు బంగారమే చెల్లించుటచే దానిపై ప్రజల నమ్మకము ఇనుమడించెను. చిన్న ఊరి బ్యాంకు ఒక్కటి ఒంటరిగా నిలిచినచో, ఒక్క పంట పోయినను కూలిపోవునని ఆతడీ సంక్షోభము వలన గ్రహించెను. పెక్కు ఊళ్లలో శాఖలున్నచో ఒకచోటి మిగులు మఱియొకచోటి కొఱతను తీర్చును. 1909లో తాను పుట్టిన శాన్ హోసే పట్టణముననే నగరము వెలుపలి మొదటి శాఖను తెఱచెను. పిదప కాలిఫోర్నియా లోయలన్నింటను శాఖలు వెలసెను. పూర్వము పంట కొఱకు తిరిగిన పల్లెలలోనే ఆతడు పంటఋణములిచ్చుచు మరల తిరిగెను.

1930లో బ్యాంక్ ఆఫ్ ఇటలీ పేరు బ్యాంక్ ఆఫ్ అమెరికాగా మాఱెను. అదే సంవత్సరమున జియానిని సంస్థ పెత్తనమును ఇతరులకు అప్పగించి విశ్రాంతి కోరెను. అది ఆర్థికమాంద్యపు కాలము. క్రొత్త అధిపతులు నష్టములకు వెఱచి, బ్యాంకును అమ్మివేయ నిశ్చయించిరి. ఐరోపాలో నున్న జియానిని అనారోగ్యమును సరకుగొనక తిరిగివచ్చెను. అఱువదియొక్క యేండ్ల వయస్సున ఆతడు ఊరూర తిరిగి, చిన్న వాటాదారులను సభలు చేర్చి, వారి సమ్మతిని అర్థించెను. వాటాల విలువ పడిపోయి వారు దుఃఖములో నుండిరి. ఐనను 1932 ఫిబ్రవరిలో జరిగిన వాటాదారుల సభలో ఆతనికే అఖండ విజయము లభించెను. ఇరువది యెనిమిదేండ్ల క్రిందట వాటాలను చిన్నవారికి పంచిన దూరదృష్టి ఆ దినమున ఫలించినది.

శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన నిర్మాణమునకు ఎవ్వరును పెట్టుబడి పెట్టజాలని ఆ మాంద్యకాలమున, ఆతని బ్యాంకే ముందుకు వచ్చి ఋణపత్రములు కొనెను. వాల్ట్ డిస్నీ మొదటి పెద్ద బొమ్మల చలనచిత్రమునకును ఆ బ్యాంకే అప్పిచ్చెను. 1945 నాటికి అది ప్రపంచములోనే పెద్ద బ్యాంకయ్యెను. ఇంత పెద్ద సంస్థ చిన్న బ్యాంకులను మ్రింగివేయునను భయమును పలువురు వెలిబుచ్చిరి. 1948లో ప్రభుత్వపక్షమున ఆతని సంస్థలపై విచారణయు ప్రారంభమయ్యెను. చిన్నవారి కొఱకు పుట్టినది పెద్దదైన పిదప చిన్నవారిని మఱవకుండుట ఎంత కష్టమో ఆ విమర్శలు గుర్తుచేయుచున్నవి.

జియానిని తన కొఱకు అధికముగా కూడబెట్టుకొనలేదు. ఒకమాఱు డైరెక్టర్లు లాభములలో ఆతనికి వంతు నిర్ణయింపగా, సుమారు పదునైదు లక్షల డాలర్ల ఆ సొమ్మును 1928లో వ్యవసాయార్థశాస్త్ర పరిశోధనల కొఱకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు ఇప్పించెను. 1949 జూన్ 3వ తేదీన శాన్ మాటియోలోని పాత ఇంటిలోనే ఆతడు మరణించెను. నాటికి బ్యాంకు ఆస్తులు వందలకోట్ల డాలర్లు. ఆతని సొంత ఆస్తి ఐదు లక్షల డాలర్లకు లోపే.

ఒక్క డాలరు కొఱకు తండ్రిని పోగొట్టుకొనిన బాలుడు, డాలరును మనుష్యులకన్న గొప్పదానిగా ఎంచకుండ జీవించెను. వర్తకము నేర్వదలచు యువకులకు ఆతని బ్రదుకు ఒక పాఠశాల. సరకు తెలియుట కొంత, లెక్క తెలియుట కొంత. ఎదుటి మనుష్యుడు తెలియుట అన్నింటికన్న మిన్న. రేవులోని పీపాలమీది పలక ఎన్నడో మాయమైనది; దానిపై వ్రాసిన చేవ్రాళ్లను నిలిపినది నమ్మకమే.